ఓవెన్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: నా వయసు 34. గుణుపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం ఇరవై మందిమి ఒకే మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడి చేసుకుంటాం. దాని తలుపు సరిగా పడటం లేదు. రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? పొద్దున ఐదున్నరకే వండి క్యారేజీ కట్టుకుంటాను. మూడు వారాలుగా మోషన్స్ అవుతున్నాయి. షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుంటే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతున్నాయి.
- ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా

జవాబు: మీ టెన్షనంతా ఓవెన్ గురించే. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర రాసిన ఆ రెండు ముక్కలు. విరేచనాలు 14 రోజులు దాటాయంటే అజీర్తి అని వదిలేయకూడదమ్మా. మాత్ర పేరు రాయలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లూ ఇంతే, ‘తెల్లగా, పొడుగ్గా ఉంటుంది’ అంటారు. అది యాంటీబయాటిక్ అయితే, ఆ మందు వల్లే విరేచనాలు పట్టుకునేవాళ్లూ ఉన్నారు. మోషన్ ఆపే మాత్ర అయితే లోపలి జబ్బు లోపలే ఉంటుంది. మూడు వారాలు షాపు కౌంటర్నే ఓపీ చేసుకున్నారు, ఇక చాలు. రేపే ఆ స్ట్రిప్పులు పట్టుకుని గుణుపురం ప్రభుత్వాసుపత్రికో, తెలిసిన ఫిజీషియన్ దగ్గరికో వెళ్లండి. మలం, రక్తం పరీక్షలు రాయొచ్చు. బరువు తగ్గినా, నెల తప్పినా ముందే చెప్పండి. మలంలో రక్తం, జ్వరం, కళ్లు తిరగడం ఉంటే రేపటిదాకా కూడా ఆగొద్దు. ఈలోగా ఓఆర్ఎస్ తాగండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు. మిమ్మల్ని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.

ఐదున్నరకు వండి, మూత బిగించి, ఒంటిగంటన్నరకు విప్పే అన్నం మీదా నాకు అనుమానమే. గోరువెచ్చగా నిలిచిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే, వాంతులు తెప్పించే విషం మళ్లీ వేడి చేసినా పోదు. అయితే ఆ బాధ మామూలుగా ఒక రోజులో సర్దుకుంటుంది. మూడు వారాలకు అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ఇక ఓవెన్. అందులోని తరంగాలు ఎక్స్‌రే లాంటివి కావు, వేడి పుట్టిస్తాయంతే. క్యాన్సర్ తెస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. కానీ తలుపు పడని ఓవెన్ వాడకూడదు, మెకానిక్ చూసేదాకా ప్లగ్ తీసేయమనండి. బాగయ్యాక కూడా అన్నం మధ్యలో ఒకసారి కలిపి, అంతటా పొగలు వచ్చేదాకా వేడి చేయండి. స్టీలు డబ్బా పెట్టొద్దని పైన కాగితం అంటించండి. మీరు పెట్టరు, ఇరవై మందిలో ఎవరో ఒకరు పెడతారు.