మోటార్లు నడిపే ఎల్293డి చిప్‌కి 6 వోల్టులు ఇస్తే మోటారుకు మూడున్నరే వస్తోంది, చిప్ పాడైందా?

పాడవలేదు, పారేయకండి. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో 6 వోల్టులు ఇస్తే బీఓ మోటారు (రోబో కార్లకి వాడే చిన్న గేరు మోటారు) దగ్గర మూడున్నరే చూపిస్తోందని, చిప్ మీద వేలు ఆనట్లేదని రాశారు. ఆ పోయిన రెండున్నర వోల్టులు చిప్ లోపలే ఖర్చయి, వేడిగా బయటికి వస్తున్నాయి. డిప్లొమా పిల్లల ప్రాజెక్టులకు సాయం చేస్తుంటాను, రోబో కార్ల సీజన్ వస్తే నా దగ్గరికి ముందు వచ్చే ఫిర్యాదు ఇదే.

లోపల జరిగేది చూద్దాం. మోటారుకి అటు రెండు, ఇటు రెండు స్విచ్‌లు, ఈ అమరికనే హెచ్-బ్రిడ్జి అంటారు. ఎడమ పైది, కుడి కిందిది వేస్తే మోటారు ముందుకి తిరుగుతుంది. మిగతా రెండూ వేస్తే వెనక్కి. ఒకే పక్కనున్న పైదీ కిందిదీ కలిసి పడ్డాయంటే మాత్రం బ్యాటరీ నేరుగా షార్ట్. విడి ట్రాన్సిస్టర్లతో కట్టుకునేవాళ్ల టెన్షన్ అంతా దీని గురించే. ఈ చిప్‌లో ఒక్కో పక్కకి ఒకటే ఇన్‌పుట్ ఉంటుంది: హై ఇస్తే పైది పడుతుంది, లో ఇస్తే కిందిది. కోడ్‌లో ఎంత తప్పు రాసినా రెండూ కలిపి వేయలేరు. ఇలాంటి సగం బ్రిడ్జిలు నాలుగున్నాయి కాబట్టి రెండు మోటార్లు నడుస్తాయి. వేగం కోసం పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్) ఇచ్చేది 1, 9 పిన్‌లకి. చివరి 'డి' అంటే డయోడ్లు లోపలే ఉన్నాయని. మోటారు ఆపినప్పుడు ఎగదన్నే వోల్టేజీకి అవి దారి చూపిస్తాయి.

అసలు కథ ఆ స్విచ్‌లది. అవి డార్లింగ్టన్ తరహావి, అంటే ఒక ట్రాన్సిస్టర్ ఇంకోదాన్ని నడుపుతుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటు ఆడించవచ్చు గానీ, ఆ జత ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. 0.6 ఆంపియర్ దగ్గర పైది సుమారు 1.4 వోల్టులు, కిందిది 1.2 తింటాయని కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లోనే ఉంది. కలిపితే 2.6.

మీరే చూసుకోవచ్చు. పిన్ 2 హై, పిన్ 7 లో ఇచ్చి మోటారు తిరుగుతుండగా మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ పిన్ 8 మీద, నల్లది పిన్ 3 మీద పెట్టండి. పై స్విచ్ ఎంత మింగుతోందో తెలుస్తుంది. తర్వాత ఎర్రది పిన్ 6కి, నల్లది పిన్ 4కి మార్చితే కిందిది. లోడ్ లేకుండా కొలిస్తే నష్టం తక్కువ కనిపిస్తుంది, కాబట్టి చక్రాన్ని వేలితో కొంచెం ఆపి చూడండి. పూర్తిగా పట్టేయకండి, మోటారు ఇరుక్కుంటే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఇక వేడి. అర ఆంపియర్ చొప్పున రెండు మోటార్లు నడిస్తే చిప్ ఒక్కటే సుమారు రెండున్నర వాట్లు ఆవిరి చేస్తోందన్నమాట. మధ్యలోని 4, 5, 12, 13 పిన్‌లు గ్రౌండ్‌తో పాటు హీట్‌సింక్ కూడా. వాటిని పీసీబీ మీద వెడల్పాటి రాగికి సోల్డర్ చేస్తేనే వేడి బయటికి పోతుంది. బ్రెడ్‌బోర్డ్ మీద దానికి పోయే దారే లేదు.

ఈ చిప్‌తోనే కానివ్వాలంటే రెండు 18650 లిథియం సెల్స్ సిరీస్‌లో వేయండి. 7.4 వోల్టుల్లో చిప్ వాటా పోను మోటారుకి ఐదు దాకా మిగులుతాయి. చదరపు 9 వోల్టుల బ్యాటరీ మాత్రం వద్దు, ఆ కరెంటు ఇవ్వలేక కూలబడుతుంది. చాలామంది వెంటనే ఇంకో మోటారు డ్రైవర్, ఎల్298ఎన్ మాడ్యూల్ కొంటారు. దాంట్లోనూ ఇదే పాతకాలపు ట్రాన్సిస్టర్ వ్యవహారం, 1 ఆంపియర్ దగ్గర 1.8 నుంచి 3.2 వోల్టుల దాకా పోతాయి. పెద్ద హీట్‌సింక్ చూసి మోసపోవద్దు, అది అక్కడ ఉన్నదే ఆ వేడి కోసం.

నేనైతే టీబీ6612 మాడ్యూల్ వాడతాను. అందులో ఉన్నవి మాస్‌ఫెట్‌లు, అంటే ఆన్ అయినప్పుడు చిన్న రెసిస్టర్‌లా ఉండే ట్రాన్సిస్టర్లు, పైదీ కిందిదీ కలిపి అర ఓం. అర ఆంపియర్‌కి పావు వోల్టు పోతుంది, అంతే. చిప్ ముట్టుకున్నా గోరువెచ్చగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. మోటారు సప్లై 13.5 వోల్టులు దాటనివ్వకండి, సగటున 1.2 ఆంపియర్ కన్నా ఎక్కువ లాగే మోటారు దానికి తగిలించకండి. ఎస్‌టీబీవై (స్టాండ్‌బై) పిన్‌ని 5 వోల్టులకి కలపడం మర్చిపోతే ఏదీ కదలదు, అప్పుడు అది కూడా పాడైందనుకుంటారు.