ప్లస్ వన్‌లో జాగ్రఫీ: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, జాగ్రఫీ తీసుకోనా, సైకాలజీ తీసుకోనా అని అడిగావు. అక్కయ్యేమో జాగ్రఫీలో మార్కులు తేలిగ్గా వస్తాయంటోంది, బావగారేమో అది వట్టి బట్టీ అంటున్నారు. ఇద్దరూ పదో తరగతి సోషల్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. అక్కడ ఏ పంట ఎక్కడ పండుతుందో గుర్తుంటే గట్టెక్కేస్తాం. మీ సీబీఎస్ఈ ప్లస్ వన్, ప్లస్ టూల్లో అలా కాదు. థియరీకి 70, ప్రాక్టికల్‌కి 30. ప్రాక్టికల్ అంటే మ్యాపు స్కేలు గియ్యడం, మెర్కేటర్ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చే ఒక పద్ధతి) లెక్క కట్టి గియ్యడం, టోపోషీట్ (కొండలు, వాగులు, ఊళ్లు అన్నీ చూపే వివరమైన మ్యాపు) చదవడం, రెండో ఏడు అంకెల్ని గ్రాఫులుగా, మ్యాపులుగా మార్చడం. ఓపిగ్గా కూర్చుని చేత్తో చేసే పని. అది నచ్చితేనే తీసుకో.

నచ్చుతుందో లేదో ముందే తేల్చుకోవచ్చు. ఐసీఎస్ఈలో చదివే పిల్లలెవరైనా మీ అపార్ట్‌మెంట్‌లో ఉంటే వాళ్ల టోపోషీట్ ఒక పూట అడిగి తీసుకో. జిరాక్స్ తీయిస్తే నూటికి నూరు సైజులోనే తీయమను. కాస్త కుదించినా స్కేలు చెడిపోతుంది, తర్వాత నువ్వు కొలిచేదంతా తప్పే. 1:50,000 అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. మ్యాపు మీద నిలువు, అడ్డ గీతలతో ఏర్పడే గ్రిడ్ గడి సరిగ్గా ఆ కొలతే. ఇప్పుడు ఒక చోటు ఎక్కడుందో చెప్పడానికి 654238 అనే ఆరంకెల రిఫరెన్స్ ఇచ్చారనుకో. మొదటి మూడంకెలు ఈస్టింగ్: 65వ నిలువు గీత నుంచి కుడికి నాలుగు పదో వంతులు, అంటే 8 మిల్లీమీటర్లు. తర్వాతి మూడు నార్తింగ్: 23వ అడ్డగీత నుంచి పైకి 16 మిల్లీమీటర్లు. అందరూ దెబ్బతినేది ఇక్కడే. నార్తింగ్ ముందు చదివేస్తారు, మొద్దు పెన్సిల్‌తో 2 మిల్లీమీటర్లు జరిపేస్తారు. వేరే చోటు వస్తుంది.

తర్వాత గోధుమరంగు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు చూడు. ఒక గీతకీ పక్క గీతకీ 20 మీటర్ల తేడా. దగ్గర దగ్గరగా ఉంటే నిటారు వాలు. అవి వి ఆకారంలో వంగి, ఆ వి మొన ఎత్తువైపు చూస్తుంటే అక్కడ వాగు ఉన్నట్టు. రెండు చోట్ల మధ్య ఎత్తు తేడా 100 మీటర్లు, మ్యాపు మీద దూరం 4 సెంటీమీటర్లు, అంటే నేల మీద 2 కిలోమీటర్లు అయితే వాలు 1:20. గంటసేపు ఇలా కుస్తీపట్టాక ఇంకో చోటు వెతకాలనిపించిందా, ఈ సబ్జెక్టు నీది. విసుగొస్తే సైకాలజీయే తీసుకో, తప్పేం లేదు.

థియరీలో బట్టీ లేదనను, ఉంది. కానీ కారణం పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. మీ బెంగళూరునే చూడు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, నీళ్లు రెండు వైపులా జారిపోయే మిట్ట మీద ఉంది, అందుకే ఊళ్లో పెద్ద నది లేదు. పడమర వైపు పడిన వాన వృషభావతిలోకి, అక్కణ్ణుంచి అర్కావతిలోకి, చివరికి కావేరిలోకి పోతుంది. తూర్పు వైపుది రాజకాలువల (వాననీటి పెద్ద కాలువల) గుండా బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటి దక్షిణ పినాకిని నదిలో కలుస్తుంది. నది లేని చోట వాననీళ్లు ఆపుకోవాలి కాబట్టే మనవాళ్లు గొలుసుకట్టు చెరువులు తవ్వారు. ఆ గొలుసులో ఒకటి పూడ్చి లేఅవుట్ వేస్తే నీళ్లు ఎవరి సెల్లార్‌లోకి వస్తాయో కాంటూర్ మ్యాప్ చూసి నువ్వే చెప్పొచ్చు. పాఠం ఇలా చదివితే పరీక్షలో రాయడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు.

ప్లస్ టూలో మ్యాపుకి 10 మార్కులు, ఇండియాకి 5, ప్రపంచానికి 5. ఇవి చాలామంది అనవసరంగా పోగొట్టుకునే మార్కులు. అవుట్‌లైన్ మ్యాపుల కట్ట కొనుక్కుని మొదటి నెల నుంచే వారానికి రెండు నింపు. ఓడరేవు చుక్క తీరం గీత మీదే పడాలి, లోపలికి జరిగితే కుదరదు. ప్రాక్టికల్ రికార్డు కూడా ఏ వారానిది ఆ వారమే ముగించు. జనవరిలో కూర్చుని అన్నీ ఒకేసారి గీస్తే చేయి తిరగదు, వైవాలో ఎందుకిలా గీశావంటే నోరు పెగలదు.

ఇంకో ముఖ్యమైన మాట. జాగ్రఫీ తీసుకుంటున్నానని మ్యాథ్స్ వదలకు. బీ ప్లాన్‌కి (నగర ప్రణాళిక డిగ్రీ), బీ ఆర్క్‌కి (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ప్లస్ టూలో మ్యాథ్స్ ఉండాలి. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, వాటి సమాచారం విశ్లేషించే పని) వైపు వెళ్లినా లెక్కలు, కంప్యూటర్ రెండూ అక్కరకొస్తాయి. సివిల్స్‌కి పనికొస్తుందని బావగారితో ఎవరో అన్నారట. నిజమే, జనరల్ స్టడీస్‌లోనూ ఉంది, ఆప్షనల్‌గానూ ఉంది. కానీ ఎప్పుడో రాయబోయే ఆ పరీక్ష కోసమే ఇప్పుడు తీసుకోవద్దు.

ఫారం నింపే ముందు స్కూల్లో రెండు సంగతులు కనుక్కో. జాగ్రఫీకి విడిగా టీచరు ఉన్నారా, లేక హిస్టరీ టీచరే చెబుతారా? టోపోషీట్లు పిల్లల చేతికిస్తారా, బోర్డు మీద చూపించి వదిలేస్తారా? రెండింటికీ సరైన జవాబు రాకపోతే వేరే స్కూలు చూడమని అక్కయ్యతో నేను మాట్లాడతాను. స్టేట్ పీయూ కాలేజీ (మన ఇంటర్ లాంటిది) అయితే వాళ్లిచ్చే కాంబినేషన్లలో జాగ్రఫీ, మ్యాథ్స్ కలిసి ఉన్నాయో లేదో ముందు చూసుకో.

ఆ టోపోషీట్ పని ఈ ఆదివారమే చెయ్యి. నువ్వు గుర్తించిన చోట్లు ఫొటో తీసి పంపు, దిద్ది పంపుతాను.

మీ మావయ్య