పాత మంచానికి రంగు గీకుతుంటే తలనొప్పి, బాబుకి దగ్గు... పని ఆపేయాలా డాక్టర్?

ప్రశ్న: మాది ఖమ్మం, నాకు 36 ఏళ్ళు. మా తాతగారి టేకు మంచం, రెండు కుర్చీలు ఉన్నాయి, వాటికి ఎప్పుడో వేసిన ఆకుపచ్చ పెయింట్ ఉంది. గీకేసి కొత్త ఎనామెల్ వేద్దామని నేనే మొదలుపెట్టాను. బయట వానలు కదా అని బెడ్‌రూమ్‌లోనే మిషన్‌తో గరుకు కాగితం కొట్టి థిన్నర్‌తో తుడిచాను. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళ మంట, తల తిరగడం. మా బాబుకి నాలుగేళ్ళు, ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతాం, రెండు రాత్రుల నుంచి దగ్గుతున్నాడు. నా భార్యకి ఐదో నెల. పని ఆపేయాలా? ఫర్నిచర్ నున్నగా వచ్చి పదేళ్ళు నిలబడాలని నా కోరిక.

జవాబు: పని సంగతి తర్వాత, ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం. బాబుని, మీ ఆవిడని ఆ గదిలో పడుకోనివ్వకండి, వీలైతే ఆ ఇంట్లోనే వద్దు, ఆ గది సరిగ్గా శుభ్రమయ్యేదాకా అత్తగారింటికో అమ్మగారింటికో పంపించండి. బాబుకి డాక్టర్ రాసిచ్చిన రిలీఫ్ ఇన్‌హేలర్ స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి వాడండి. వాడినా తగ్గకపోయినా, నాలుగు గంటలు తిరక్కుండానే మళ్ళీ కావాల్సి వచ్చినా, ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు లోపలికి పోతున్నా, మాట మధ్యలో ఆగిపోతున్నా, పెదాలు నీలంగా అనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

మీ తలనొప్పి థిన్నర్ వల్లే అయ్యుంటుంది. అందులో టోలుయీన్ లాంటి ద్రవాలు ఉంటాయి, అవి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి నేరుగా మెదడుకి చేరతాయి, అందుకే మత్తుగా, తల తిరిగినట్టు ఉంటుంది. బయట గాల్లో కూర్చుంటే మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా వాంతులు, మగత, గుండెల్లో బరువు ఉంటే మాత్రం చూపించుకోవాలి. తలనొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ అదే గదిలో పనికి కూర్చోవడం మాత్రం చెయ్యకండి దయచేసి.

నాకు థిన్నర్ కంటే ఎక్కువ భయం ఆ పాత ఆకుపచ్చ రంగు గురించి. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న రూల్ 2016లో వచ్చి 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ లాంటి గాఢమైన రంగుల్లో సీసం చాలానే ఉండే అవకాశం ఉంది. ఆ పెయింట్ చెక్కని పట్టుకుని గట్టిగా ఉన్నంతకాలం పెద్దగా ఏమీ చెయ్యదు, మిషన్‌తో పొడి చేసినప్పుడే అది నేల మీద, దిండు మీద, బాబు బొమ్మల మీద పడుతుంది, వాడు చేతులు నోట్లో పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంట్లోకి సీసం ఎక్కువ ఇంకుతుంది, చదువు మీద, ప్రవర్తన మీద దెబ్బ కొడుతుంది, గర్భిణికైతే మాయ దాటి కడుపులో బిడ్డకి చేరుతుంది. ఇంతవరకు పర్లేదు అనదగ్గ స్థాయి అంటూ సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. మీ రంగులో సీసం ఉందో లేదో చూసి చెప్పడం కుదరదు కాబట్టి ఉందనే అనుకుని నడుచుకుందాం. ముగ్గురూ రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, వేలికి గుచ్చి కాదు, నరం నుంచి తీసిన రక్తంతో. బాబుకి హిమోగ్లోబిన్ కూడా చూడమనండి, ఐరన్ తక్కువున్న పిల్లల్లో సీసం ఇంకా ఎక్కువ ఇంకుతుంది.

గది ఊడవకండి, చీపురు పెడితే దుమ్ము మళ్ళీ లేస్తుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, సన్న పొడి దాని వెనక నుంచి బయటికే వస్తుంది. సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో కిటికీ గట్లు, నేల, బొమ్మలు అన్నీ తుడిచి, నీళ్ళు మార్చి మళ్ళీ తుడవండి, తర్వాత ఆ గుడ్డలు పారెయ్యండి. దుప్పట్లు, మీరు పనిలో వేసుకున్న బట్టలు పిల్లాడి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. ఈ తుడిచే పని మాస్క్ పెట్టుకుని మీరే చెయ్యాలి, మీ ఆవిడ చెయ్యకూడదు.

ఇక పని ఆపేయాలా అంటే, ఇంట్లో అయితే ఆపెయ్యండి, మానేయక్కర్లేదు. తాతగారి మంచం మీద మీకున్న ప్రేమ నాకు అర్థమైంది. నా దగ్గరికి దగ్గుతో వచ్చే పెయింటర్లు చాలామంది ఉన్నారు, వాళ్ళతో మాట్లాడాక నాకు తెలిసిందేంటంటే ఊపిరితిత్తులకి మంచిదైన పద్ధతే చాలావరకు ఫినిషింగ్‌కి కూడా మంచిది. పాత పెయింట్ ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ చెక్క కనిపించేదాకా గీకాల్సిన పనే లేదు, మెరుపు పోయి గరుకు తేలితే కొత్త రంగు పట్టుకుంటుంది. అది కూడా మిషన్‌తో కాదు, 220 నంబర్ వాటర్ పేపర్‌ని (నీళ్ళలో వాడే గరుకు కాగితం) తడిపి చేత్తో కొట్టండి, దుమ్ము లేవదు, వచ్చిన బురదని గుడ్డతో ఎత్తేసి కవర్‌లో కట్టి పారేయొచ్చు. పొక్కులు లేచిన చోట మాత్రం తడిపి గీకండి, మంట పెట్టి లేదా హీట్ గన్‌తో రంగు ఊడదీయడం అస్సలు వద్దు, సీసం పొగై లోపలికి పోతుంది. పెయింట్ రిమూవర్ డబ్బాలు కొన్నిట్లో డైక్లోరోమీథేన్ ఉంటుంది, అది ఒంట్లోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, గుండె జబ్బున్న వాళ్ళకి మరీ ప్రమాదం, కొనకండి.

చెక్క బయటపడ్డ చోట తడికి నారలు లేస్తాయి, బాగా ఆరనిచ్చి ఇంకా సన్నదైన 320 నంబర్ పేపర్‌తో చేతి బరువు వెయ్యకుండా ఒకసారి రాస్తే చాలు, నున్నగా అయిపోతుంది. గుంతలుంటే లప్పం (పుట్టీ) పెట్టండి. టేకులో సహజంగా నూనె గుణం ఉంటుంది, రంగు ఊరికే పట్టదు, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పట్టు కోటింగ్) మాత్రం తప్పించకండి. తర్వాత ఎనామెల్ నీళ్ళతో కలిపే రకం తీసుకోండి, వాసన పూర్తిగా ఉండదని కాదు గానీ చాలా తక్కువ, బ్రష్ నీళ్ళతోనే కడగొచ్చు కాబట్టి థిన్నర్ అవసరమే రాదు. డబ్బా మీద సీసం 90 పీపీఎం లోపు అని రాసుందో లేదో చూసి కొనండి. ఒకేసారి మందంగా పట్టించకుండా పల్చగా రెండు మూడు కోటింగులు వెయ్యండి, మధ్యలో రాత్రంతా ఆరనిచ్చి 320తో తేలిగ్గా రాసి తడి గుడ్డతో తుడవండి. మందంగా వేస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉంటుంది, ముడతలు వస్తాయి, రోజుల తరబడి వాసన వదులుతూనే ఉంటుంది, మీ బాబుకి పనికిరానిది అదే. షాపులో రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురేథేన్) పాలిష్ ఇంకా గట్టిగా ఉంటుంది అంటారు, నిజమే, కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఆయాసం లేనివాళ్ళకి కూడా ఆయాసం తెప్పిస్తాయి, మీ ఇంటికి వద్దు, స్ప్రే అసలే వద్దు.

వానల్లో రంగు సరిగా ఆరదు, గాల్లో తేమకి, అందుకని నాలుగు పొడి రోజులు చూసుకుని వరండాలోనో డాబా మీద షెడ్డు కిందో చెయ్యండి. దుమ్ముకి ఎన్95 మాస్క్ పనికొస్తుంది, చేతిరుమాలు పనికిరాదు, థిన్నర్ ఆవిరిని ఎన్95 కూడా ఆపలేదు, దానికి బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కే కావాలి. చేతికంటిన ఎనామెల్‌ని థిన్నర్‌తో కడుక్కోకుండా కొబ్బరి నూనె రాసి సబ్బుతో కడగండి. చేతికి తడి ఆరిందనిపించినా రంగు లోపల గట్టిపడటానికి వారం, తేమ ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి ఏమీ రానప్పుడే మంచం గదిలోకి తెచ్చి పరుపు వెయ్యండి.

ఇంకొకటి, మిగిలిన థిన్నర్ వాటర్ బాటిల్‌లో పోసి ఉంచారా? ఉంటే ఈ రోజే తీసెయ్యండి. ఒకవేళ పిల్లాడు తాగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పట్టకండి, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ఆ సీసా పట్టుకుని నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళండి. పరీక్ష రిపోర్టులు వచ్చాక మాత్రం బాబు డాక్టర్‌కి, మీ ఆవిడని చూసే గైనకాలజిస్ట్‌కి ఇద్దరికీ చూపించండి, నాకూ ఆ నంబర్లు రాసి పంపండి.