నీట్ వద్దు, నీలిమొక్కలు వేస్తానంటోంది

గుంటూరు నుంచి ఒక తల్లి రాశారు. పాప బైపీసీ రెండో ఏడు, నీట్ రాయనంటోందట. తెనాలి దగ్గర తాతగారి అరెకరంలో నీలిమొక్కలు, బంతి వేసి ఆ రంగులతో గుడ్డల మీద బొమ్మలు వేసి అమ్ముకుంటుందట. ఇది తిండి పెట్టే పనేనా అని ఆవిడ టెన్షన్.

పెడుతుంది అమ్మా, కాకపోతే పెట్టేది పొలం కాదు. నీలి మూడు నెలల్లో కోతకొస్తుంది, నేలకీ మంచిదే, కానీ మోపులకొద్దీ ఆకు నీళ్లలో మురగబెట్టి, ఆ నీళ్లు చిలికి, అడుగున దిగింది ఆరబెడితే మిగిలే నీలం కొంచెమే. ఆకు పండించేవాళ్లు వేరే ఉన్నారు, నీలం ముద్దలు కొనుక్కోవచ్చు. డబ్బులు ఇచ్చేది గుడ్డకు పట్టిన రంగు వదలకుండా చేయడం తెలిసిన చేతికి.

అది కలంకారీ అద్దకం చేసే పెడనలో చూపించండి. బందరు పక్కనే, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డ మీద, తుప్పు ఇనుము, బెల్లం కలిపి మురగబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే నల్లగా తేలుతుంది, పటిక అచ్చు పడినచోట, ఎర్ర రంగు నీళ్లలో ఉడకబెట్టాక ఎరుపు నిలుస్తుంది. మీ పాప చదివిన కెమిస్ట్రీయే ఇదంతా. అక్కడ కెమికల్ రంగుల స్క్రీన్ ప్రింటింగూ బాగా నడుస్తోంది, కాబట్టి ఏ షెడ్డులో ఏ రంగో అడిగి మరీ లోపలికి వెళ్లండి.

ఈలోగా ఇంట్లో ఒక పరీక్ష. మంగళగిరి నూలు ముక్కలకు పసుపు, దానిమ్మ తొక్క, బంతి రంగులు పటికతో వేసి, సగం అట్టతో కప్పి రెండు వారాలు డాబా మీద ఎండలో పెట్టమనండి. పసుపు రంగు ఎలా ఎగిరిపోతుందో కళ్లారా చూస్తుంది, అలాంటి గుడ్డ అమ్మితే కొన్నవాళ్లు మళ్లీ రారు! ఇది చేశాక కూడా ఇష్టం ఉంటే అప్పుడు నమ్మండి.

చదువు మాత్రం మాననివ్వొద్దు. అమరావతి ఎన్ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) నాలుగేళ్ల బీడిజైన్‌లో టెక్స్‌టైల్ ఉంది, ఎంట్రన్స్ ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు, దాని ప్రిలిమ్స్ ఇంటర్ పరీక్షలకంటే ముందే అయిపోతుంది కాబట్టి నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి. సీటు రాకపోతే మీ ఊళ్లోనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల కమ్యూనిటీ సైన్స్ (ఇదివరకటి హోమ్ సైన్స్) ఉంది, అందులో టెక్స్‌టైల్సూ చెబుతారు.

తాతగారి అరెకరంలో ఈ ఏడాదికి రెండు మళ్లు ఇవ్వండి చాలు, మిగతాది కౌలు రైతునే చేసుకోనివ్వండి.