ఫోను మోగితే పెరట్లోకి పారిపోతున్నాడు

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మా ఆయన అయిదేళ్ళుగా కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వస్తారు. ఇక్కడ నేను, బాబు, మా అత్తగారు ఉంటాం. బాబు మండల పరిషత్ స్కూల్లో నాలుగో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు అయితే అస్సలు నోరు మెదపడు. ఆగస్టు 15కి గాంధీగారి మీద ఇంగ్లీషులో పది లైన్ల స్పీచ్ ఇచ్చారు. దగ్గర కూర్చుని నేనే కంఠతా పట్టించాను. స్టేజీ ఎక్కి రెండు లైన్లు చెప్పి ఆగిపోయాడు. ఏడుస్తూ దిగిపోయాడు. ఆ వీడియో మా ఆయనకు పంపాను. ఆయన రూములో అందరికీ మా వాడు స్పీచ్ ఇస్తున్నాడని ముందే చెప్పుకున్నారట. ‘నా పరువు తీశావు కదరా’ అని ఫోనులో వాడితోనే అన్నారు. అప్పటి నుంచి ఫోను మోగితే చాలు, వాడు పెరట్లోకి పారిపోతున్నాడు. మా ఆయన రాజమండ్రిలో హాస్టలుకు పంపేద్దాం అంటున్నారు. ఆన్‌లైన్‌లో పబ్లిక్ స్పీకింగ్ క్లాసులున్నాయి, ముప్పై వేలు కడితే ఆరు నెలల్లో మాట్లాడేస్తాడు అని మా చెల్లి చెబుతోంది. మా అత్తగారు ఏదీ వద్దంటారు. ఆవిడ రోజూ రాత్రి పదింటి దాకా వాడికి 96 తుఫాను కబుర్లు చెబుతూ కూర్చుంటారు. వాడు మర్నాడు వాటినే పక్కింటి పిల్లలకు చెబుతూ తిరుగుతాడు. టైమంతా అలా పోతోంది. హాస్టలా, క్లాసులా, ఏది మంచిదో చెప్పండి.
— ఒక తల్లి, కోనసీమ

జవాబు: రెండూ వద్దు. మీరడిగిన దానికి జవాబు ఇంతే. మాట రావడం లేదని తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి హాస్టల్లో పడేస్తే, ఉన్న తల్లీ నాన్నమ్మా కూడా దూరమై వాడు ఎవరితో మాట్లాడతాడు? రాజమండ్రి తీసుకెళ్ళాలని అంతగా ఉంటే ఒక ఆదివారం గోదావరి గట్టు, కాటన్ దొర ఆనకట్ట చూపించి సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోండి. ఇక ఆ క్లాసుల సంగతి. అక్కడ కూడా ఎవరో రాసిచ్చిన లైన్లనే వాడి చేత చెప్పిస్తారేమోనని నా అనుమానం. ఆ పని మీరు ఇప్పటికే పైసా ఖర్చు లేకుండా చేసి చూశారు కదా.

ఇప్పుడు మీరు ప్రశ్నగా అడగకుండా మధ్యలో చెప్పేసి వదిలేసిన విషయానికి వస్తాను.

మీ వాడికి మాట్లాడటం వచ్చమ్మా. మీ ఉత్తరం చివర్లో మీరే రాశారు. రాత్రి విన్న తుఫాను కథను మర్నాడు పక్కింటి పిల్లల్ని పోగేసి చెబుతున్నాడు. అంటే విన్నది గుర్తుంటోంది, వరస తప్పకుండా చెబుతున్నాడు, వినేవాళ్ళు కదలకుండా కూర్చుంటున్నారు. ఉపన్యాసం ఇచ్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దాన్ని మీరు టైము వేస్టు కింద రాసేశారు. 1996 నవంబరు 6 రాత్రి మీ వైపు ఏం జరిగిందో, కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో, తెల్లారాక ఎవరు మిగిలారో ఎవరు పోయారో, కళ్ళారా చూసిన మనిషి ఇంట్లో ఉండి చెబుతోంది. ఏ పాఠ్యపుస్తకమూ అంత వివరంగా చెప్పదు. మీ అత్తగారిని పదింటికి బదులు తొమ్మిదింటికి ఆపమనండి, పిల్లాడు పొద్దున్నే లేవాలి. అంతకు మించి ఆవిడ జోలికి వెళ్ళకండి.

మరి ఇంత మాటకారి ఎక్కడ మూగవాడవుతున్నాడు? తండ్రి ముందు. స్టేజీ మీద కూడా వాడు చూసింది టీచర్లనీ పిల్లల్నీ కాదని నాకనిపిస్తోంది. మీ చేతిలో పైకెత్తిన ఫోను చూశాడు. ఆ వీడియో ఎక్కడికి వెళ్తుందో, ఎంతమంది చూస్తారో వాడికి తెలుసు.

మీ ఇంట్లో ఆ ఫోను ఎలా నడుస్తుందో మీరు రాయలేదు. అయినా ఊహించగలను, గల్ఫ్ ఇళ్ళ నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ‘ఏరా, ఏం చదివావు? ఎన్ని మార్కులొచ్చాయి? ఏదీ, ఈ అంకుల్‌కి ఇంగ్లీషులో నీ పేరు చెప్పు. గట్టిగా చెప్పు, ఏంటా నసుగుడు!’ ఫోను స్పీకర్లో ఉంటుంది. అవతల రూములో వాళ్ళంతా వింటూ ఉంటారు. ఇవతల కెమెరాకు కనిపించకుండా మీరు జవాబులు అందిస్తుంటారు. అయిదు నిమిషాల్లో పరీక్ష అయిపోతుంది, ఫోను మీ చేతికి వస్తుంది, వాడు బతుకు జీవుడా అని ఆటకు పోతాడు. వాడికి నాలుగేళ్ళున్నప్పుడు వెళ్ళిన మనిషి ఆయన. తర్వాత వచ్చింది ఒకటి రెండుసార్లు. వాడికి తెలిసిన నాన్న అంటే రాత్రిపూట ఫోనులో వచ్చే స్కూలు ఇన్‌స్పెక్టరు, అంతే. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఏ పిల్లాడైనా పారిపోతాడు.

మీ ఆయన చెడ్డవాడని నేననడం లేదు. ఇంగ్లీషు రాకపోవడం వల్ల ఆ దేశంలో ఎన్ని చోట్ల తల దించుకోవాల్సి వచ్చిందో ఆయనకే తెలియాలి. కొడుక్కి ఆ గతి పట్టకూడదని ఆశపడ్డాడు. ఎండలో బండి నడిపి వచ్చి, రూములో వాళ్ళకు చెప్పుకోవడానికి ఆయన దగ్గరున్న గొప్ప సంగతి కొడుకు ఒక్కడే. అది నాకు అర్థమవుతుంది. కానీ పరువు మాట దగ్గర మాత్రం ఒప్పుకోను. తండ్రి పరువు మోయడం తొమ్మిదేళ్ళ వాడి పని కాదు. ఆ రోజు స్కూలంతా చూస్తుండగా ఏడుస్తూ దిగింది వాడు. పోతే వాడి పరువు పోయింది. దాని గురించి ఇంట్లో ఒక్కరైనా అడిగారా?

నెలనెలా డబ్బు పంపిస్తే తండ్రి పని అయిపోయినట్టే అని మన ఊళ్ళలో అందరూ అనుకుంటారు, ఆడవాళ్ళతో సహా. నేను అలా అనుకోను. దూరాన ఉన్న తండ్రికి పిల్లాడితో మాట్లాడే పని ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆయన చేతిలో ఉన్నది ఆ గొంతు ఒక్కటే. ఆ గొంతుతో రోజూ మార్కులడిగి సరిపెడితే, రేపు ఆయన డబ్బు కూడబెట్టుకుని తిరిగొచ్చేసరికి ఇంట్లో మీసాలొచ్చిన కొత్త మనిషి ఒకడు ఉంటాడు.

మిమ్మల్నీ ఒక మాట అడుగుతాను. వీడియో పంపే ముందు ‘భయపడ్డాడండీ, మధ్యలో ఆగిపోయాడు, మీరు ఏమీ అనకండి’ అని ఎందుకు చెప్పలేదు? ఆయన అంటాడని మీకు తెలియదా? ఇద్దరి మధ్యా మీరు ఫోను అందించే మనిషిగా ఉండిపోయారు. మొగుడికి ఎదురు చెప్పడం కాదు ఇది. పిల్లాడి తరఫున మాట్లాడే మనిషి మీరే. మీరు మాట్లాడకపోతే ఇంకెవరున్నారు?

అందుకని ముందు మీ ఆయనతో మాట్లాడండి, పిల్లాడు పడుకున్నాక. శుక్రవారం అక్కడ సెలవు. మనకు రాత్రి పదైతే అక్కడ ఏడున్నర. రూములోంచి బయటికి రమ్మని చెప్పి, స్పీకరు పెట్టొద్దని చెప్పి మాట్లాడండి. హాస్టలు మాట కాసేపు పక్కన పెట్టి, ‘మీ ఫోనంటే వాడు భయపడుతున్నాడు’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోప్పడతారు. పడనివ్వండి. ఆ రాత్రి కాకపోతే వచ్చే శుక్రవారం మళ్ళీ చెప్పండి. వాడితో మాట్లాడేటప్పుడు పక్కన మూడో మనిషి ఉండకూడదు, ఇంగ్లీషులో చెప్పు అనే మాట కొన్నాళ్ళు రాకూడదు. ఈ రెండూ ఒప్పించండి, మిగతావి తర్వాత.

కొడుక్కి సారీ చెప్పడం మన తండ్రులకు నోరు తిరగని పని. చెప్పకపోతే పోనీండి. తను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఎక్కడ తడబడ్డాడో, ఏ మాస్టారి ముందు నోరు పెగల్లేదో అదొక్కటి చెప్పమనండి. మీ వాడు అది పది మందికి చెప్పుకుంటాడు, చూస్తూండండి. తుఫాను కథలకు చెవులప్పగించే పిల్లాడు నాన్న కథ వద్దంటాడా?

వాడు ఫోను దగ్గరికి రానంటే లాక్కురావద్దు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలతో మొదలుపెట్టించండి. ఆయన ఆ రోజు ఏం చూశాడో, ఇసుక గాలి వీచిందో, ఏం వండుకున్నాడో చెప్పి పంపాలి. ప్రశ్నలు వద్దు. వాడికి బుద్ధి పుట్టినప్పుడు జవాబు పంపుతాడు. అందులో మొహం కనబడదు. తప్పు పోతే తుడిచేసి మళ్ళీ చెప్పుకోవచ్చు. పంపాలో వద్దో వాడి ఇష్టం. మాట్లాడటానికి జంకే పిల్లలకు ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. ఆ మెసేజీలు మీరు రహస్యంగా విని దిద్దకండి.

ఇక చదవడం. నాలుగో తరగతి వచ్చినా కూడబలుక్కుంటున్నాడంటే ముందు కళ్ళు పరీక్ష చేయించండి. అక్కడ లోపం లేదని తేలాకే మిగతా మాట. కూడబలుక్కునే పిల్లాడి శక్తంతా గుణింతం, వత్తు విడదీసుకోవడానికే అయిపోతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. అర్థం కానిది చదవబుద్ధి కాదు, చదవకపోతే వేగం రాదు. ఇది తెగాలంటే వాడి తరగతి కంటే తేలికైన పుస్తకం కావాలి, చదివిందే మళ్ళీ మళ్ళీ చదవాలి. ‘ఇది చిన్నపిల్లల పుస్తకం కదా’ అని మీరు అడ్డురాకూడదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, బొమ్మలతో, నాలుగు స్థాయిల్లో. మొదటి స్థాయి నుంచే మొదలుపెట్టండి. ఒక పేజీ మీరు చదవండి, ఒక పేజీ వాడు. తప్పు చదివినప్పుడల్లా ఆపకండి, వాక్యం పూర్తి కానివ్వండి. చాలాసార్లు అర్థం కుదరక వాడే వెనక్కి వచ్చి సరిచేసుకుంటాడు. ఆగిపోతే ఆ మాట అందించి ముందుకు పొండి. రోజుకు పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి.

అదే కథ కువైట్‌లో మీ ఆయన ఫోనులోనూ తెరుచుకుంటుంది. రెండు మూడు వారాలు గడిచి వాడి బెరుకు తగ్గాక, ఒక పేజీ తండ్రి, ఒక పేజీ కొడుకు చదువుకోవచ్చు. ఆయన కూడా తడుముకుంటే ఇంకా మంచిది, వాడు నవ్వుకుంటాడు.

ఇంగ్లీషు తొందర మీ ఇద్దరికీ ఉందని తెలుసు. మన సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో వేయడం 2020లో మొదలుపెట్టారు. అలాంటి పుస్తకం వాడి దగ్గర ఉంటే, ముందు తెలుగు పేజీ చదివి విషయం తెలిశాక ఇంగ్లీషు పేజీకి వెళ్ళమనండి. సొంత భాషలో చదవడం వచ్చిన పిల్లాడికి రెండోది పట్టుబడుతుంది. రెండూ రాకుండా పది లైన్లు బట్టీ పట్టించి స్టేజీ ఎక్కిస్తే ఏమవుతుందో ఆగస్టు 15న చూశారు. బట్టీ పట్టిన దాంట్లో ఒక మాట జారితే తర్వాతది దొరకదు, ఎందుకంటే వాడి దగ్గర ఉన్నది మాటల వరసే గానీ విషయం కాదు. తెలిసిన సంగతి చెప్పేవాడు ఒకచోట మరిచిపోయినా ఇంకోచోట అందుకుంటాడు. ఆ తుఫాను కథ ఒక రోజు ఒక మాట ఎక్కువ, ఒక రోజు తక్కువ చెబుతుంటాడు కదా, ఎప్పుడైనా ఆగిపోయాడా?

కాబట్టి వాడి టీచరమ్మను కలవండి. స్టేజీలు, మైకులు ఇప్పుడు వద్దని, తరగతిలో నలుగురు పిల్లల ముందు నాన్నమ్మ చెప్పిన తుఫాను కథను తెలుగులో, వాడి మాటల్లో చెప్పనివ్వమని అడగండి. అది కుదిరాక ఉదయం ప్రార్థనలో ఒక వార్త చదవడం. అదీ ముందురోజు ఇంట్లో చదువుకుని వెళ్ళాలి. మంచి టీచరు కాదనరు. మీరు మాత్రం ఫోను ఎత్తి వీడియో తీయకండి.

ఇంకొకటి. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు మనం లైబ్రరీల కోసం ఏటా కడుతున్నాం. కట్టి, గుమ్మం తొక్కం. మీకు దగ్గరున్న శాఖా గ్రంథాలయం ఎక్కడో కనుక్కుని వాణ్ణి తీసుకెళ్ళండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, పిల్లలకు కథలు, వక్తృత్వం లాంటి పోటీలు పెడుతుంటారు. ఈ ఏడాది పేరివ్వకండి. వెనక బెంచీలో కూర్చోబెట్టి చూడనివ్వండి. మిగతా పిల్లలు కూడా మధ్యలో ఆగుతారని, తల గోక్కుంటారని, మళ్ళీ అందుకుంటారని వాడు చూడాలి. మీ అత్తగారు నడవగలిగితే ఆవిడనూ తీసుకెళ్ళండి.

ఆ ముప్పై వేలు ఎవరికీ కట్టకండి. సంక్రాంతికి ఆయనకు సెలవు దొరికితే విమానం టికెట్టుకు పనికొస్తాయి. దొరకకపోతే బ్యాంకులో ఉండనివ్వండి, వేసవికి వస్తారు. వచ్చినప్పుడు ఇంటినిండా చుట్టాలుంటారు, ఎవరో ఒకరు ‘ఏరా, నాన్నొచ్చాడుగా, ఏదీ ఇంగ్లీషులో మాట్లాడు’ అంటారు. అప్పుడు అడ్డుపడాల్సింది మీ ఆయన. ఆ సంగతి విమానం ఎక్కకముందే ఆయనకు చెప్పి పెట్టండి.