మొటిమలు తగ్గినా గుంటలు పోవట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, నాకు 23 ఏళ్ళు. ఇంటర్‌లో మొదలైన మొటిమలు ఇప్పుడు చాలావరకు తగ్గాయి గానీ బుగ్గల మీద నల్ల మచ్చలు, చిన్న చిన్న గుంటలు ఉండిపోయాయి. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ ఏడాదిగా రాస్తున్నా, రాసినన్నాళ్ళు ముఖం తెల్లగా ఉంటుంది, రెండ్రోజులు ఆపితే మంట, ఎరుపు, మళ్ళీ పొక్కులు. నిమ్మరసం కూడా పెడుతున్నా. మూడు నెలల్లో పెళ్ళి, ఈలోపు లేజర్ చేయించుకుంటే మొత్తం పోతాయా?
– ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: అమ్మా, లేజర్ సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏముందో చదువు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, వీటిలో ఏది కనపడినా అది స్టెరాయిడ్, నువ్వు చెప్పిన లక్షణాలు కూడా అచ్చం అలాగే ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లోనే కేంద్రం రూల్ పెట్టింది, అయినా షాపుల్లో అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడిపోతుంది, సన్నని రక్తనాళాలు బయటకి కనిపిస్తాయి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. ఏడాది రాశావు కాబట్టి ఒక్కసారి మానేయాలా, మెల్లగా తగ్గించాలా అన్నది స్కిన్ డాక్టర్ ముఖం చూసి చెప్పాలి, నీ అంతట నువ్వు ఆపి, మంటకి భయపడి మళ్ళీ రాస్తే ఇందులోంచి బయటపడలేవు. నిమ్మరసం మాత్రం ఈరోజే ఆపేయ్, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి ఇంకా నల్లబడుతుంది.

ఇప్పుడు మచ్చ వేరు, గుంట వేరు. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే నున్నగా ఉండి రంగు మాత్రమే తేడాగా ఉంటే అది మచ్చ, మొటిమ వాపు తగ్గాక చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువై మిగిలింది, కొన్ని నెలలకి దానంతటదే పలచబడుతుంది. రోజూ ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రాయకపోతే మిగతా క్రీములన్నీ దండగే. చర్మం కుదుటపడ్డాక మచ్చలకి అజెలాయిక్ యాసిడ్ క్రీమ్ గానీ, రాత్రిపూట బఠాణీ గింజంత అడాపలీన్ జెల్ గానీ డాక్టర్ ఇస్తారు, పెళ్ళయ్యాక పిల్లల కోసం చూస్తుంటే మాత్రం అడాపలీన్ ఆపాలి, ఆ మాట ముందే డాక్టర్‌కి చెప్పు.

గుంట అంటే మొటిమ లోతుగా వాచి కింద చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌ని తినేసిన చోటు. దాన్ని పూడ్చే క్రీమ్ ఏదీ లేదు, టీవీలో ఎంత చెప్పినా సరే. సూది పొడిచినట్టు సన్నగా లోతుగా ఉన్నవాటికి గట్టి టీసీఏ యాసిడ్ చుక్క గుంటలో మాత్రమే పెడతారు, అలల్లా కిందకి లాగినట్టున్న వాటికి సబ్‌సిషన్ అని సూదితో లోపలి పట్టు కోస్తారు, వెడల్పుగా పైపైన ఉన్నవాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో గుచ్చడం) గానీ లేజర్ గానీ. చాలామందికి రెండు మూడు కలిపి చేయాల్సొస్తుంది, నెలకో సిట్టింగ్ చొప్పున నాలుగైదు పడతాయి, ఆ తర్వాత కూడా కొలాజెన్ మెల్లగా పుట్టాలి. బాగా తగ్గుతాయి, పూర్తిగా మాయం కావు. మన రంగు చర్మానికి లేజర్ తర్వాత కొన్నాళ్ళు నల్లబడే ప్రమాదం ఉంది, అందుకే పెళ్ళికి ముందు వద్దంటున్నా. ఈ మూడు నెలల్లో చర్మం శాంతిస్తే, మచ్చలు కొంత తగ్గితే చాలు, గుంటల పని పెళ్ళయ్యాక తీరిగ్గా పెట్టుకో.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్ళు, మొటిమలు గిల్లుతూనే ఉంటాడు. వయసు దాటితే అవే పోతాయి, మందులెందుకు అంటారు మా అత్తగారు. ఆగొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఆగొద్దండీ. మొటిమలు పోవచ్చు, గుంటలు పోవు. వాపు ఎన్ని నెలలు ఉంటే అంత నష్టం, గిల్లితే చీము లోపలికి పోయి ఇంకా లోతుగా దెబ్బతింటుంది. ముట్టుకుంటే నొప్పి పుట్టే గట్టి గడ్డలుంటే, లేదా మీ భార్యాభర్తల్లో ఎవరి ముఖం మీదైనా గుంటలుంటే ఈ వారమే చూపించండి, కొందరికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు అవసరమవుతాయి, అవి రక్తపరీక్షలతో డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. చిన్నవే అయితే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్‌తో మొదలుపెడతారు. దిండు గలీబు, తువాలు తెల్లవి వాడమనండి, రంగువైతే జెల్ తగిలిన చోట వెలిసిపోతాయి.