బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థికి చేత్తో చేసిన ల్యాబ్ అనుభవం ఎలా వస్తుంది?

బీఎస్సీ ఆఖరి ఏడాది, కాలేజీలో టైట్రేషన్లు, సాల్ట్ అనాలిసిస్ తప్ప ఏమీ చేయలేదు, మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌ని ఫొటోలోనే చూశాను, అనుభవం ఎక్కడ తెచ్చుకోవాలి అని అడిగారు. నేను నల్గొండ జిల్లాలో డిగ్రీ చదివి, ఇప్పుడు జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థం) కంపెనీలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పే బాధ్యత నాదే కాబట్టి, మేం వాళ్ళలో ఏం చూస్తామో అది చెప్తాను.

చేరగానే ఎవరికీ హెచ్‌పీఎల్‌సీ ఇవ్వం. ముందు పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్, లాస్ ఆన్ డ్రైయింగ్ (ఆరబెట్టి ఎంత బరువు తగ్గిందో చూడటం), కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ చూడటం, ద్రావణాలు తయారుచేసి లేబుల్ రాయడం. లేబుల్ మీద పేరు, గాఢత, తయారుచేసిన తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చు, సంతకం, అన్నీ ఉండాలి. ఈ పనుల్లోనే మనిషి తెలిసిపోతాడు. మీరు చిన్నచూపు చూస్తున్న టైట్రేషన్ బాగా వచ్చినవాళ్ళు ఇక్కడ చాలా త్వరగా కుదురుకుంటారు.

అయితే కాలేజీలో టైట్రేషన్ చేసే పద్ధతిలో ఒక చెడ్డ అలవాటు పడుతుంది. రీడింగు రఫ్ కాగితం మీద రాసుకుని, తర్వాత రికార్డులో ఫెయిర్‌గా ఎక్కిస్తాం. పక్కవాడికి 9.8 వచ్చిందంటే మనకొచ్చిన 10.3ని కాస్త సర్దేస్తాం. క్యూసీలో ఈ రెండూ ఉద్యోగం పోయేంత తప్పులు. చూసిన సంఖ్యని చూసిన క్షణంలోనే, అసలు పుస్తకంలోనే రాయాలి. తప్పు పడితే చదవగలిగేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. రోగికి వెళ్ళే మాత్ర ఈ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే నేను దీన్ని పరికరాల కన్నా ముందు పెడతాను. ఇది నేర్చుకోవడానికి కంపెనీ అక్కర్లేదు, రేపటి ప్రాక్టికల్ క్లాసులోనే మొదలుపెట్టొచ్చు.

ఇంకో పని చెప్తాను, ఇది మీ కాలేజీ ల్యాబ్‌లోనే అవుతుంది. మీ ఊళ్ళో, హాస్టల్ చుట్టుపక్కల బోర్ల నీళ్ళు తెచ్చి కాఠిన్యం కొలవండి. 50 ఎంఎల్ నీళ్ళు, పీహెచ్ 10 దగ్గర ఉండేలా అమ్మోనియా బఫర్, రంగు మార్పు చూపించే ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక, బ్యూరెట్‌లో 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం. వైన్ ఎరుపు పూర్తిగా పోయి నీలం రావాలి. ఈ గాఢతలో 1 ఎంఎల్ ఈడీటీఏ అంటే 1 మిల్లీగ్రాము కాల్షియం కార్బోనేట్‌తో సమానం. కాబట్టి 50 ఎంఎల్ శాంపిల్‌కి రీడింగుని 20తో గుణిస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. 18 ఎంఎల్ పడితే 360. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఆమోదయోగ్యం, వేరే నీళ్ళు దొరక్కపోతే 600 దాకా అనుమతిస్తారు.

ఒకే శాంపిల్‌ని మూడుసార్లు చేసి రీడింగులు 0.1 ఎంఎల్ లోపల కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ఎందుకో వెతకండి: బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉందా, కన్ను ద్రవమట్టానికి సమానంగా ఉందా, బఫర్ పాతబడిందా? ఆ వెతుకులాటే అనుభవం. మా జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కాబట్టి నాకు నీళ్ళ పరీక్ష మీద మొదటినుంచీ ఇష్టం. ఇంటివాళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నారని తెలిస్తే రీడింగు సర్దాలనే ఆలోచనే రాదు.

ఇక బయటి అవకాశాలు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్ సిలబస్‌లోనే ఉంది. దయచేసి దాన్ని సర్టిఫికెట్ కొనుక్కుని ముగించొద్దు. డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్ ద్వారా స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌కి ప్రయత్నించొచ్చు. పరిశోధన వైపు మనసుంటే బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మిగతా సైన్స్ అకాడమీలతో కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ చూడండి. ఎమ్మెస్సీలో చేరితే ప్రాజెక్టు కోసం హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ లాంటి చోట్ల అడగొచ్చు. సైంటిస్టుకి మెయిల్ రాసేటప్పుడు ఒకే ఉత్తరం యాభైమందికి పంపకండి. ఆయన పేపరు ఒకటి చదివి, అందులో మీకు ఆసక్తి కలిగిన విషయం రెండు వాక్యాల్లో రాయండి.

ఫీజు తీసుకుని హెచ్‌పీఎల్‌సీ నేర్పే సంస్థలకి వెళ్ళాలనుకుంటే డబ్బు కట్టకముందు ల్యాబ్ చూపించమనండి. ఒక్కో మెషీన్ దగ్గర ఎంతమంది? మొబైల్ ఫేజ్ (మెషీన్ గుండా పారే ద్రావణం) నేనే తయారుచేసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, గాలి తీసి, పదార్థాల్ని విడదీసే గొట్టం అయిన కాలమ్‌కి పెట్టొచ్చా? ఒకే స్టాండర్డ్‌ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి, ఫలితాల మధ్య తేడా ఎంతో చెప్పే ఆర్ఎస్‌డీ లెక్కకట్టనిస్తారా? పని అయ్యాక బఫర్ లవణాలు మిగలకుండా కాలమ్ కడగడం నాచేత చేయిస్తారా? ఇవి లేకుండా దూరం నుంచి చూపించి పంపేచోట మీ నాన్నగారి డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు.

రెజ్యూమెలో "హెచ్‌పీఎల్‌సీ తెలుసు" అని రాయొద్దు, రెండో ప్రశ్నకే ఆగిపోతారు. ఎన్ని బోర్ల నీళ్ళు, ఏ పద్ధతిలో, ఎంత తేడాలో కొలిచారో రాయండి. ఆ నోట్‌బుక్‌ని కొట్టివేతలతో సహా ఇంటర్వ్యూకి తీసుకెళ్ళండి. నేను ప్యానెల్‌లో ఉంటే ముందు దాన్నే తెరుస్తాను.